ఇంకెన్నాళ్ళమ్మా ఈ చదువు?

రాత్రి తొమ్మిది దాటాక మా వీధిలో ఇనుప గేటు కిర్రుమందంటే ఎదురింటి అమ్మాయి వచ్చిందని అర్థం. సంతోష్‌నగర్‌లో మా వీధి అంత వెడల్పేమీ కాదు. ఒక ఇంట్లో పోపు పెడితే నాలుగిళ్ళలో తుమ్ములు వినిపిస్తాయి. అలాంటి చోట ఒక ఆడపిల్ల ఏ వేళకు ఇల్లు చేరుతోందో లెక్కపెట్టేవాళ్ళకు కొదవేముంటుంది? "ఇప్పుడా రావడం?" అని ఏదో ఒక గుమ్మంలోంచి వినబడుతూనే ఉంటుంది. ఆ గుమ్మాల్లో మాదీ ఒకటి. ముందే ఒప్పేసుకుంటున్నాను.

ఆ అమ్మాయి ఇమ్యునాలజీలో పిహెచ్.డి. చేస్తోంది. మన ఒంట్లోని రోగనిరోధక శక్తి ఎలా పనిచేస్తుందో, ఎప్పుడు దారి తప్పుతుందో చెప్పే శాస్త్రం అది. ఇప్పుడు నాలుగో ఏడు. పొద్దున్నే టిఫిన్ డబ్బా సర్దుకుని, దిల్‌సుఖ్‌నగర్ దాకా బస్సో ఆటోనో పట్టుకుని, అక్కడ మెట్రో ఎక్కి, దిగాక మళ్ళీ ఇంకో బస్సు ఎక్కితే ఊరికి అవతలి కొసన ఉన్న ల్యాబ్ వస్తుంది. వయసు ఇరవై ఏడు. ఈ చివరి మాట మాత్రం మా వీధిలో అందరికీ కంఠతా వచ్చు.

మొన్న శ్రావణమాసంలో ఒకరోజు వాళ్ళమ్మ మా ఇంటికొచ్చింది. మంచి సంబంధం వచ్చిందట. అబ్బాయిది బెంగుళూరులో ఉద్యోగం. కట్నం ఊసు లేదు. కాకపోతే పెళ్ళి మాఘమాసంలోనే కావాలి, అయిన వెంటనే అమ్మాయి బెంగుళూరు వచ్చేయాలి అన్నారట. "ఆ పిహెచ్.డి. సంగతి తర్వాత చూసుకోవచ్చు కదా" అన్నారట. "ఇది ససేమిరా అంటోందక్కా. నువ్వు చెబితే వింటుంది" అంది ఆవిడ, ఉబ్బిన వేళ్ళతో కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని.

నేను వెళ్ళాను. వెళ్ళి ఏమన్నానో తెలుసా? "ఇంకెన్నాళ్ళమ్మా ఈ చదువు?" అన్నాను.

అమ్మాయి కోప్పడలేదు. "పిన్నీ, నేను చదువుకోవడం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు పని నేర్చుకుంటూ పని చేస్తున్నాను" అంది. ఆ తర్వాత గంటన్నర సేపు, వాళ్ళ వంటింటి గట్టు దగ్గర నిలబడి, ఆ పని ఏమిటో చెప్పింది. ఈ వారం ఈ నాలుగు మాటలూ రాయడానికి కారణం ఆ గంటన్నరే.

ఆమె మాటల్లోనే కొంత చెబుతాను. ఆస్పత్రికి వచ్చిన రోగి ఒప్పుకుని సంతకం చేశాక కాస్త రక్తం తీస్తారు. అది ల్యాబ్‌కి చేరాక గంటల్లోనే పని మొదలుపెట్టాలి. ఒక చిక్కటి ద్రవం మీద ఆ రక్తాన్ని, రెండూ కలిసిపోకుండా, గొట్టం గోడ వెంట మెల్లగా జార్చాలి. తర్వాత గిర్రున తిరిగే యంత్రంలో అరగంట తిప్పాలి. ఆ యంత్రాన్ని ఆపేటప్పుడు బ్రేకు వేయకూడదు, దానంతట అదే ఆగాలి. బ్రేకు వేస్తే పొరలన్నీ కలిసిపోతాయి. సరిగ్గా వస్తే మధ్యలో పాల మీగడలా పల్చటి తెల్లటి పొర కనిపిస్తుంది. మనల్ని రోగాల నుంచి కాపాడే తెల్లకణాల్లో కొన్ని ముఖ్యమైన రకాలు ఆ పొరలోనే ఉంటాయి. వాటిని తీసి, కడిగి, లెక్కపెట్టి, వెలిగే రంగులు అంటించి, లేజర్ కాంతి ముందు ఒక్కొక్కటిగా వరసలో నడిపిస్తే, ఏ రకం కణాలు ఎన్ని ఉన్నాయో యంత్రం చెబుతుంది. మధ్యాహ్నం మొదలుపెడితే రాత్రి ఎనిమిదింటికి గానీ తెమలదు. "ఆరింటికి ఇంటికి వచ్చేద్దామంటే కణాలు ఊరుకోవు పిన్నీ. చచ్చిపోతాయి" అంది.

అదీ, రాత్రి తొమ్మిదింటి గేటు చప్పుడు వెనకున్న కథ.

ఇంతకీ ఆమె ఏం వెతుకుతోంది? అది చెప్పడానికి పక్కనున్న బియ్యం డబ్బా మూత తీసింది. మన ఎముకల మజ్జలో పుట్టిన కొన్ని తెల్లకణాలు రొమ్ము ఎముక వెనకున్న థైమస్ అనే చిన్న గ్రంథికి చేరతాయి. అక్కడ వాటికి పరీక్ష జరుగుతుంది. అసలు పనికిరానివీ, సొంత శరీరాన్నే శత్రువు అనుకునేవీ అక్కడే ఏరివేతకు గురవుతాయి. నూటికి తొంభై అయిదుకు పైగా అక్కడే రాలిపోతాయట! అచ్చం మనం బియ్యంలో రాళ్ళు ఏరినట్టే. కానీ ఎంత జాగ్రత్తగా ఏరినా ఒకటో రెండో రాళ్ళు అన్నంలోకి రానే వస్తాయి కదా. అలా తప్పించుకున్న కణాలను బయట అదుపులో పెట్టడానికి ఇంకో రకం కణాలున్నాయి. ఆ కాపలా బలహీనపడితే శరీరం తన కీళ్ళనో, చర్మాన్నో, థైరాయిడ్‌నో, మూత్రపిండాలనో తానే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. కీళ్ళవాతంలో రుమటాయిడ్ అనే రకం, లూపస్ ఇలాంటి జబ్బులే. ఆ కాపలా కణాలు ఎక్కడ, ఎందుకు తడబడుతున్నాయన్నదే ఆ అమ్మాయి వెతుకులాట.

ఈ మాట వినగానే నేను వాళ్ళమ్మ వేళ్ళ వంక చూశాను. ఆవిడకు ఆరేళ్ళుగా రుమటాయిడ్ కీళ్ళవాతం. పొద్దున్నే లేచాక గంటసేపు వేళ్ళు ముడుచుకోవు, పాలప్యాకెట్ కత్తిరించడం కూడా కష్టమే. అమ్మాయి ఈ సబ్జెక్టు ఎందుకు ఎంచుకుందో నేను అడగలేదు. అడగవలసిన అవసరం లేకపోయింది.

ఇక్కడ మనందరికీ సంబంధించిన మాట ఒకటుంది. ఇవి ముఖ్యంగా ఆడవాళ్ళ జబ్బులు. లూపస్ వచ్చిన పదిమందిలో సుమారు తొమ్మిదిమంది స్త్రీలే, అదీ చాలావరకు పిల్లల్ని కనే వయసులో. రుమటాయిడ్ కీళ్ళవాతం మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. మా పక్కింటి ఆపా కోడలికి లూపస్ ఉందని తేలడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ ఆమె విన్నదల్లా "నీరసం", "రక్తం తక్కువ", "మరీ ఎక్కువ ఆలోచించకు" అన్న మాటలే. మన ఒంటి బాధను మనమే పట్టించుకోం, ఇక ఎదుటివాళ్ళు పట్టించుకుంటారా?

శాస్త్రం కూడా చాలాకాలం పట్టించుకోలేదు. ప్రయోగాలకు మగ జంతువులనే వాడడం అనేక విభాగాల్లో అలవాటుగా సాగింది. ఆడ, మగ తేడాను కూడా లెక్కలోకి తీసుకోవాలని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు తమ నిధులతో పనిచేసే శాస్త్రవేత్తలకు నిబంధన పెట్టింది 2016లో. స్త్రీకి రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని నిద్రపుచ్చే ఎగ్జిస్ట్ అనే అణువుకూ, ఈ జబ్బులకూ సంబంధం ఉండవచ్చని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2024లో చెప్పారు. మామూలుగా ఆడజీవుల్లోనే తయారయ్యే ఆ అణువు మగ ఎలుకల్లో తయారయ్యేలా చేస్తే, జబ్బుకు లోనయ్యే స్వభావమున్న ఎలుకల్లో లూపస్ లాంటి జబ్బు ముదిరిందట. ఇన్నాళ్ళూ ఆడవాళ్ళను వేధించిన ప్రశ్నకు ఇప్పుడిప్పుడే జవాబు మొదలవుతోంది. అలాంటప్పుడు ల్యాబ్‌లో నిలబడి ఈ ప్రశ్న అడిగే ఆడపిల్లలను సగం దారిలో వెనక్కి పిలిస్తే నష్టం ఎవరికి?

"నాలుగేళ్ళయింది, ఇంకా ఏం తేల్చలేదా?" అని వాళ్ళ మేనత్త అడిగిందట. చాలా ఇళ్ళలో వినబడే ప్రశ్నే ఇది. దీనికి జవాబుగా 2025లో నోబెల్ బహుమతి వచ్చిన కథ ఒకటి చెబుతాను. ఇందాక చెప్పిన కాపలా కణాల గురించే ఆ ఏడు వైద్యశాస్త్రంలో బహుమతి ఇచ్చారు. అందుకున్న ముగ్గురిలో ఒకరు మేరీ బ్రంకో అనే అమెరికా మహిళ. పుట్టుకతోనే ఈ కాపలా లేని ఒక జాతి ఎలుకలు ఉన్నాయి. వాటిలో ఏ జన్యువు చెడిందో కనుక్కోవడానికి ఆమె, సహచరుడు ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఏళ్ళ తరబడి పనిచేశారు. చివరికి అనుమానాన్ని ఇరవై జన్యువుల దాకా తగ్గించగలిగారు. ఒక్కొక్కటే పరీక్షించుకుంటూ వెళ్ళారు. పంతొమ్మిదింట్లో ఏమీ లేదు. ఇరవయ్యోదే వాళ్ళు వెతుకుతున్న జన్యువు! దానికి ఫాక్స్‌పీ3 అని పేరొచ్చింది. అది 2001 నాటి మాట. పంతొమ్మిదో జన్యువు దగ్గర ఎవరైనా వచ్చి "ఇంకా ఏం తేల్చలేదా?" అని అడిగి, ఆమెను ఇంటికి తీసుకెళ్ళిపోయి ఉంటే?

పిహెచ్.డి. శిక్షణ అంటే సగం ఇదే. మొదటి ఏడాది క్లాసులు, పరీక్షలు ఉంటాయి. తర్వాత తోటివాళ్ళు అచ్చువేసిన పరిశోధనల్లో తప్పులు పట్టడం నేర్చుకోవాలి. తన ప్రయోగంలో తానే తప్పులు పట్టుకోవడం అంతకన్నా కష్టం. అనుకున్న ఫలితం వస్తే సంతోషపడే ముందు, అది పొరపాటున వచ్చిందేమో చూడాలి. చేసిన ప్రతి పనీ, పాడైన ప్రతి ప్రయోగమూ నోటుపుస్తకంలో తేదీ వేసి రాయాలి. ఆర్నెల్లకోసారి సలహా సంఘం ముందు నిలబడి జవాబు చెప్పాలి. రోగి రక్తాన్ని, రోగి రహస్యాన్ని ఎలా గౌరవించాలో నేర్చుకోవాలి. ఇదంతా పుస్తకం చూసి వచ్చేది కాదు. కంసాలి దగ్గర పనివాడు నేర్చుకున్నట్టు, పక్కన నిలబడి, చేత్తో చేసి, పదిసార్లు పాడుచేసి నేర్చుకోవలసిందే.

మన గడ్డ మీద ఈ పని నేర్చుకుని ఎంత దూరం వెళ్ళవచ్చో చూడాలంటే కన్నెగంటి తిరుమలాదేవి గారిని చూడండి. కొత్తగూడెం సింగరేణి మహిళా కళాశాలలో డిగ్రీ, మన ఉస్మానియాలో ఎమ్మెస్సీ, పిహెచ్.డి. మొదట్లో ఆమె పని శిలీంధ్రాల మీద, మొక్కల మీద. తర్వాత అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకో విశ్వవిద్యాలయానికి మారుతూ, దిశ మార్చుకుని మనుషుల రోగనిరోధక శక్తి వైపు వచ్చారు. 2007లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల ఆస్పత్రిలో సొంత ల్యాబ్ పెట్టుకున్నారు. కోవిడ్ రోగుల్లో రోగనిరోధక శక్తే అదుపు తప్పి ఊపిరితిత్తులను ఎలా దెబ్బతీస్తుందో వివరిస్తూ ఆమె బృందం చేసిన పరిశోధన ప్రపంచమంతా చదివింది. పిహెచ్.డి. తర్వాత కూడా ఆమె శిక్షణ ఏళ్ళ తరబడి సాగింది. ఆ ఏళ్ళను ఎవరూ కోసేయలేదు కాబట్టే ఆ ఫలితం వచ్చింది.

ఇంకో తెలుగువాడి సంగతీ చెప్పాలి. ఎదురింటావిడ వారానికి ఒక్కసారి వేసుకునే చిన్న పసుపు మాత్ర మెథోట్రెక్సేట్. (రోజూ వేసుకునేది కాదు, పొరపాటు పడితే ప్రాణానికే ప్రమాదం. గర్భం కోరుకునే వాళ్ళు ఈ మందు విషయం డాక్టరుతో ముందే మాట్లాడాలి.) ఆ మందు పుట్టింది లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో. అక్కడ పరిశోధనలకు పెద్ద మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన 1920ల మొదట్లో మామగారి ఆర్థిక సాయంతో అమెరికా వెళ్ళారు. 1930లో హార్వర్డ్‌లో పిహెచ్.డి. పట్టా తీసుకున్నారు. 1948లో అక్కడే కన్నుమూశారు. మధ్యలో ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన గొప్పదనం గురించి మనం తరచూ చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కానీ ఒక మగవాడి పరిశోధన కోసం ఒక ఇల్లాలు జీవితకాలం ఎదురుచూసిన మన సమాజంలో, ఒక ఆడపిల్ల ఇంకో ఏడాదిన్నర అడిగితే మాత్రం ముహూర్తాలు దాటిపోతాయా?

వాళ్ళమ్మ తప్పు పట్టడానికి ఇదంతా రాయడం లేదు. తల్లి భయం తల్లిది. రాత్రిపూట ప్రయాణం, పెరిగే వయసు, తన ఆరోగ్యం ఎన్నాళ్ళు ఇలా ఉంటుందోనన్న దిగులు... ఇవేవీ ఊహలు కావు. కాబట్టి భయపడొద్దని చెప్పి ఊరుకోకుండా, ఏం చేయవచ్చో ఆలోచిద్దాం.

ముందు మనకు తెలియవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. పిహెచ్.డి. మధ్యలో పెళ్ళి చేసుకోకూడదని ఏ రూలూ లేదు. యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి. చేసే స్త్రీలకు మొత్తం కాలంలో 240 రోజుల దాకా ప్రసూతి లేదా పిల్లల సంరక్షణ సెలవు ఇవ్వవచ్చు. మామూలుగా ఆరేళ్ళు గడువు. తిరిగి నమోదు చేసుకుంటే ఇంకో రెండేళ్ళు, స్త్రీలకు ఆ పైన మరో రెండేళ్ళు వెసులుబాటు ఉంది. నెట్ రాసి ఫెలోషిప్ తెచ్చుకున్న వాళ్ళకు 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం. సంబంధం మాట్లాడేటప్పుడు "అమ్మాయి ఇంకా చదువుకుంటోంది" అని తలదించుకుని చెప్పనక్కరలేదు. "మా అమ్మాయి పరిశోధనలో ఉంది, ఇంత కాలం పడుతుంది" అని ముందే, సూటిగా చెప్పండి. అది విని వెనక్కి పోయే వాళ్ళు రేపు ఆమె ఉద్యోగం దగ్గరా వెనక్కే లాగుతారు.

సంస్థలకూ ఒక మాట. రాత్రి పదింటి దాకా పని ఉండే చోట అమ్మాయిలను ఇంటికి చేర్చే బండి ఉండాలి, లేదా హాస్టల్లో గది ఉండాలి. ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి ఆలస్యమైతే చివరికి "ఇంకా నేనే పోషించాలా?" అన్న మాట పడేది అమ్మాయి మీదే. బిడ్డ తల్లికి పాప దగ్గరలో ఉంటే సగం ధైర్యం, అందుకని క్రెష్ కావాలి. లైంగిక వేధింపుల మీద ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అది కాగితం మీద ఉంటే చాలదు, అందులో ఎవరున్నారో కొత్తగా చేరిన పిల్లకు కూడా తెలియాలి. ఒక విద్యార్థి నాలుగేళ్ళు ఒకే గైడు దయమీద ఆధారపడే చోట ఇది మరీ ముఖ్యం.

అమ్మాయిలకూ ఒక మాట. మీరు చేసే పని ఇంట్లో చెప్పండమ్మా. "మీకు అర్థం కాదులే" అని తలుపు వేసుకుంటే, మీరు ఎందుకు ఆలస్యంగా వస్తున్నారో మాకు ఎలా తెలుస్తుంది? బియ్యం డబ్బా మూత తీసి చెప్పగలిగిన పిల్ల నాకు ఒక గంటన్నరలో అర్థమయ్యేలా చెప్పింది. నేను పాత డిగ్రీ, అదీ తెలుగు సాహిత్యం.

మన హైదరాబాద్‌కు టీకాల నగరమని పేరు. దేశీయంగా తయారైన హెపటైటిస్-బి టీకా 1997లో ఇక్కడి నుంచే బయటికి వచ్చింది. 2021లో కోవాగ్జిన్ ఇక్కడి నుంచే వెళ్ళింది. సూది వేయించుకునేటప్పుడు మనం చెయ్యి చాపుతాం గానీ, ఆ సూది వెనక ఎందరు ఎన్ని రాత్రులు గేటు చప్పుడు చేస్తూ ఇళ్ళకు చేరారో ఆలోచించం. ఆ చేరేవాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు.

మా ఎదురింట్లో ఏమైందంటారా? పెళ్ళివారికి వాళ్ళమ్మే ఫోన్ చేసింది. "థీసిస్ ఇచ్చేదాకా ఆగగలరా? ఏడాదిన్నర" అని అడిగింది. ఇంట్లో మాట్లాడుకుని చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు. ఆగుతారో లేదో తెలియదు. ఆవిడకు దిగులు తీరిందని కూడా చెప్పను.

కానీ నిన్న రాత్రి తొమ్మిదింబావుకు గేటు కిర్రుమంది. ఏ గుమ్మంలోంచీ "ఇప్పుడా రావడం?" అన్న మాట రాలేదు, మా గుమ్మంలోంచి అసలే రాలేదు. ఎదురింటి కిటికీలోంచి వాళ్ళమ్మ గొంతు మాత్రం వినిపించింది. "అన్నం వేడిగా ఉంది, కాళ్ళు కడుక్కుని రా. ఇవాళ నీ కణాలు బతికాయా?"

మీ వీధిలో కూడా అలాంటి గేటు ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి అది చప్పుడైనప్పుడు మీరూ ఆ అమ్మాయిని అదే అడిగి చూడండి.